పది సిస్టమ్స్, ఒక ట్యాలీ సర్వర్: ఆఫీసు నెట్‌వర్క్ ర్యాన్సమ్‌వేర్‌కు చిక్కకుండా ఏం చేయాలి

ర్యాన్సమ్‌వేర్ అంటే ఫైళ్లన్నీ లాక్ చేసి, తెరవడానికి డబ్బు అడిగే వైరస్. ఆఫీసు కంప్యూటర్ల భద్రత గురించి అడిగేవాళ్లు చాలామంది "ఏ యాంటీవైరస్ మంచిది?" అనే మొదలుపెడతారు. దానికి సమాధానం బాగా కింద, ఆరో మెట్టులో ఉంది. రూటర్‌లో 3389 పోర్టు (దూరం నుంచి సిస్టమ్‌ను నడిపే రిమోట్ డెస్క్‌టాప్‌కు దారి) బయటికి తెరిచిపెట్టి, బ్యాకప్ డ్రైవ్‌ను ఇరవై నాలుగు గంటలూ సర్వర్‌కే తగిలించి ఉంచిన ఆఫీసును ఏ యాంటీవైరస్సూ కాపాడలేదు. అడ్మిన్ పాస్‌వర్డ్ దొరికించుకుని లోపలికి వచ్చినవాడు ముందు దాన్నే ఆపేస్తాడు.

ఈ పద్ధతి 5 నుంచి 20 సిస్టమ్స్ ఉన్న ఆఫీసులకు: మందుల ఏజెన్సీ, ఆడిటర్ ఆఫీసు, రైస్ మిల్లు, మిర్చి యార్డులో కమీషన్ దుకాణం, స్కూలు. వీటిలో ఒక మామూలు సిస్టమే "సర్వర్" అయి ఉంటుంది. అందులో ట్యాలీ, దాని డేటా ఫోల్డర్ అందరికీ షేర్. ఓనర్ ఇంటి నుంచి చూసుకోవడానికి స్టాటిక్ ఐపీ, అంటే మారని ఇంటర్నెట్ అడ్రస్. గోడ మీద సీసీటీవీ డీవీఆర్. పిలిస్తే వచ్చే హార్డ్‌వేర్ అబ్బాయి. మీ ఆఫీసు ఇలాగే ఉంటే ఒక ఆదివారం కేటాయించండి. ఒకటి నుంచి మూడు మెట్లు ఆ రోజే పూర్తి చేయాలి. మిగతావి తర్వాతి రెండు వారాల్లో చేసుకోవచ్చు.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్. నెట్ కనెక్షన్ ఇచ్చినవాళ్ల దగ్గర మాత్రమే ఉంటే ముందురోజే అడిగి తీసుకోండి.
- రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులు, ఒక్కోటి 1 టీబీ చాలు. ఒకటి కాదు, రెండు. ఎందుకో మూడో మెట్టులో తెలుస్తుంది.
- అన్ని సిస్టమ్స్ అడ్మిన్ పాస్‌వర్డ్‌లు, ట్యాలీ లైసెన్స్ సీరియల్ నంబరు, ట్యాలీ వాల్ట్ (ట్యాలీ డేటాకు వేసే పాస్‌వర్డ్ తాళం) వాడుతుంటే దాని పాస్‌వర్డ్.
- ఒక నోట్‌బుక్, అంటే కాగితం పుస్తకం. ఈ వివరాలు ఎక్సెల్‌లో రాసి అదే సర్వర్‌లో పెడితే, సర్వర్ లాక్ అయిన రోజున అవి కూడా లాక్ అవుతాయి.
- మొబైల్ డేటా ఉన్న ఫోను, ఒక ల్యాప్‌టాప్. బయటి నుంచి పరీక్షించడానికి.

1. ఏమేం ఉన్నాయో రాయండి

రూటర్ పేజీలోకి వెళ్లండి. చాలావాటికి అడ్రస్ 192.168.1.1 లేదా 192.168.0.1. అక్కడ డీహెచ్‌సీపీ క్లయింట్ లిస్టు, అంటే రూటర్ అడ్రస్ ఇచ్చిన పరికరాల జాబితా, ఉంటుంది. అందులో కనిపించే ప్రతి పరికరం ఏమిటో గుర్తుపట్టి రాయండి. చేత్తో ఐపీ అడ్రస్ పెట్టిన ప్రింటర్లు, డీవీఆర్‌లు ఈ లిస్టులో కనిపించకపోవచ్చు. అందుకని స్విచ్ (కేబుళ్లన్నీ కలిసే పెట్టె) దగ్గరికి వెళ్లి, ఏ కేబుల్ ఎటు పోతోందో ఒక్కొక్కటీ చూడండి.

ప్రతి సిస్టమ్ ఎదురుగా నాలుగు సంగతులు రాయాలి: విండోస్ వెర్షన్, వాడేది ఎవరు, వాళ్ల లాగిన్ అడ్మినా కాదా, ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటి రిమోట్ సాఫ్ట్‌వేర్ ఉందా. చివరిది తప్పక చూడండి. ఎప్పుడో ప్రింటర్ డ్రైవర్ కోసం ఎవరో వేసిన ఎనీడెస్క్, అప్పటి పాస్‌వర్డ్‌తోనే ఇంకా నడుస్తూ ఉంటుంది.

విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ సపోర్టు 2020 జనవరి 14తో ఆగింది. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో ఆగింది. ఆ తర్వాత కూడా సెక్యూరిటీ అప్‌డేట్లు కావాలంటే ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్స్‌లో విడిగా చేరాలి. విండోస్ 11 ఎక్కే సిస్టమ్స్‌ను ఎక్కించండి. ఎక్కనివాటిని ఈ ఏడాదిలోనే మార్చేలా లెక్క వేసుకోండి.

వేబ్రిడ్జి దగ్గరి సిస్టమ్ సంగతి వేరు. కాటా సాఫ్ట్‌వేర్ విండోస్ 7లో తప్ప నడవదంటే దాన్ని మార్చమని పట్టుబట్టి లాభం లేదు. దాని నెట్‌వర్క్ కేబుల్ పీకేయండి. తూకం చీటీ ప్రింటు వస్తే చాలు, దానికి ఇంటర్నెట్‌తో పని లేదు. డేటా ఆఫీసుకు రావాలంటే రోజుకోసారి ఒక ప్రత్యేకమైన పెన్‌డ్రైవ్‌తో తెచ్చుకోండి, దాన్ని ఆఫీసు సిస్టమ్‌లో స్కాన్ చేశాకే తెరవండి.

2. బయటికి తెరిచి ఉన్న పోర్టులు మూయండి

ఓనర్ ఇంటి నుంచి ట్యాలీ చూడాలంటాడు. హార్డ్‌వేర్ అబ్బాయి రూటర్‌లో 3389 పోర్టును సర్వర్ సిస్టమ్‌కు ఫార్వర్డ్ చేసి వెళ్తాడు. ఆ క్షణం నుంచి విండోస్ లాగిన్ స్క్రీన్ ప్రపంచం మొత్తానికీ కనిపిస్తుంది. ఇంటర్నెట్ అంతా జల్లెడ పట్టే బాట్లు (తమంతట తామే నడిచే ప్రోగ్రాములు) దాన్ని త్వరగానే కనిపెట్టి, రాత్రీ పగలూ పాస్‌వర్డ్‌లు ప్రయత్నిస్తూనే ఉంటాయి.

మూసేముందు ఒకసారి సాక్ష్యం చూసుకోండి. సర్వర్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి విండోస్ లాగ్స్, సెక్యూరిటీలోకి వెళ్లి 4625 నంబరుతో ఫిల్టర్ చేయండి. అవి విఫలమైన లాగిన్‌లు. మీ ఆఫీసులో లేని పేర్లతో, అడ్మినిస్ట్రేటర్, టెస్ట్, స్కానర్, యూజర్1 అంటూ, నిమిషానికి నాలుగైదు చొప్పున బారులు తీరి ఉంటే దాడి ఇప్పటికే నడుస్తోంది. తర్వాత 4624 చూడండి, అవి సఫలమైనవి. అర్ధరాత్రి రెండుకు, బయటి ఐపీ అడ్రస్‌తో ఒక్కటి కనిపించినా ఇక ఈ మెట్లు కాదు, వ్యాసం చివరి భాగం మీకు కావాలి. 1102 నంబరు ఉందేమో కూడా చూడండి. లాగ్‌ను ఎవరో తుడిచేశారని దాని అర్థం.

ఇప్పుడు మూసే పని:

అ) రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీ తెరవండి. కొన్నింటిలో దాని పేరు వర్చువల్ సర్వర్, కొన్నింటిలో నాట్. 3389, 445, 9000, డీవీఆర్ కోసం పెట్టిన 8000, 37777 లాంటివి అన్నీ తీసేయండి. తీసేముందు పేజీని ఫొటో తీసి ఉంచుకోండి.

ఆ) డీఎంజెడ్ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. అది ఆన్‌లో ఉంటే ఒక సిస్టమ్ మొత్తం బయట ఉన్నట్టే, పోర్టులు విడిగా మూసినా ఉపయోగం లేదు.

ఇ) యూపీఎన్‌పీ (పరికరాలు తామే పోర్టులు తెరుచుకునే సౌకర్యం), రిమోట్ మేనేజ్‌మెంట్, డబ్ల్యూపీఎస్ (బటన్ లేదా పిన్‌తో వైఫై కలిపే సౌకర్యం) ఆఫ్ చేయండి. ఐపీవీ6 (కొత్త తరహా ఐపీ అడ్రస్) ఉంటే దాని ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఐపీవీ6లో పోర్ట్ ఫార్వర్డింగ్‌తో పనే లేకుండా సిస్టమ్‌ను నేరుగా చేరవచ్చు.

ఈ) రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, ఫర్మ్‌వేర్ (రూటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి, రీస్టార్ట్ చేయండి.

ఫైబర్ వాళ్ల డబ్బా ఒకటి, దాని వెనక మీ సొంత రూటర్ ఒకటి ఉంటే పై నాలుగూ రెండింట్లోనూ చూడాలి. చాలామంది ఒకటి చూసి రెండోదాన్ని మరిచిపోతారు.

"పోర్టు 3389 కాకుండా 33890 పెట్టుకున్నాం, ఇక భయం లేదు" అనుకోకండి. బాట్లు అన్ని పోర్టులనూ వెతుకుతాయి. దీనివల్ల లాగ్‌లో చప్పుడు కాస్త తగ్గుతుంది, అంతకుమించి ఏమీ లేదు.

సరిగ్గా మూశామా? ల్యాప్‌టాప్‌ను ఆఫీసు వైఫై నుంచి తప్పించి ఫోన్ హాట్‌స్పాట్‌కు కలపండి. రిమోట్ డెస్క్‌టాప్‌లో మీ స్టాటిక్ ఐపీ కొట్టండి. కనెక్ట్ కాకూడదు. ఇదే పరీక్ష ఆఫీసు వైఫైలోంచి చేస్తే ఫలితాన్ని నమ్మలేం, రూటర్‌ను బట్టి లోపలి నుంచి ఒకలా, బయటి నుంచి మరోలా వస్తుంది. ఆఫీసు సిస్టమ్‌లో షీల్డ్స్ అప్ అనే ఉచిత సైటు తెరిచి, కామన్ పోర్ట్స్ పరీక్ష కూడా నడపండి. ఒక్క పోర్టు కూడా ఓపెన్ అని చూపకూడదు.

మరి ఓనర్ ఇంటి నుంచి ఎలా చూడాలి? మూడు దారులున్నాయి.

రిపోర్టులు చూడటం, కొద్దిపాటి ఎంట్రీలు చేయడం వరకైతే ట్యాలీలోనే ట్యాలీ డాట్ నెట్ లాగిన్‌తో రిమోట్ యాక్సెస్ ఉంది. టీఎస్ఎస్ (ట్యాలీ సబ్‌స్క్రిప్షన్) చెల్లుబాటులో ఉంటే చాలు, రూటర్‌లో ఏ పోర్టూ తెరవక్కర్లేదు.

సిస్టమ్ మొత్తం కావాలంటే వీపీఎన్, అంటే ఇంటర్నెట్ మీద మీకు మాత్రమే ఉండే రహస్య దారి, పెట్టండి. టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ తేలిక. సర్వర్‌లో ఒకటి, ఓనర్ ల్యాప్‌టాప్‌లో ఒకటి ఇన్‌స్టాల్ చేసి ఒకే అకౌంటుతో లాగిన్ అవ్వాలి. రెండింటికీ 100తో మొదలయ్యే అడ్రస్ వస్తుంది, రిమోట్ డెస్క్‌టాప్‌లో ఇక ఆ అడ్రసే వాడాలి. స్టాటిక్ ఐపీ లేకపోయినా పని చేస్తుంది. ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఆ అకౌంటుకు టూ స్టెప్ వెరిఫికేషన్ తప్పనిసరి. సర్వర్ సిస్టమ్‌కు మాత్రం కీ ఎక్స్‌పైరీ (లాగిన్ గడువు) ఆపేయండి, లేదంటే మామూలు సెట్టింగులో 180 రోజులకు అది తెగిపోయి, సరిగ్గా జీఎస్టీ రిటర్ను రోజునే ఇబ్బంది పెట్టగలదు. రూటర్‌లోనే వైర్‌గార్డ్ లేదా ఓపెన్‌వీపీఎన్ అనే వీపీఎన్‌లు ఉంటే అదీ మంచిదే. పీపీటీపీ అనే పాత వీపీఎన్ మాత్రం వద్దు, దానికి భద్రత లేదని ఎప్పుడో తేలిపోయింది.

ఎనీడెస్కే కావాలంటే ఒక్క సిస్టమ్‌లోనే ఉంచండి. అన్‌అటెండెడ్ పాస్‌వర్డ్ (సిస్టమ్ దగ్గర ఎవరూ లేకపోయినా లోపలికి రానిచ్చేది) పొడవుగా పెట్టి టూ ఫ్యాక్టర్ ఆన్ చేయండి. యాక్సెస్ కంట్రోల్ లిస్టులో ఓనర్ ల్యాప్‌టాప్ నంబరు ఒక్కటే ఉంచండి. మిగతా సిస్టమ్స్ అన్నింట్లోంచీ తీసేయండి.

ఇక్కడే మల్టీయూజర్ ప్యాచ్ గురించీ చెప్పాలి. విండోస్ ప్రోలో రిమోట్‌గా ఒకేసారి ఒక్కరే ఉండగలరు. నలుగురైదుగురు దూరేలా ప్యాచ్ వేసి ఇచ్చేవాళ్లు ఉన్నారు. విండోస్ అప్‌డేట్ రాగానే ఆ ప్యాచ్ చెడిపోతుంది. అందుకని అప్‌డేట్లే ఆపేసి వెళ్తారు. మీ సర్వర్‌లో అప్‌డేట్లు ఎప్పటినుంచో రాకపోతే కారణం ఇదేనేమో చూడండి. ఆఫీసులోనే ఉండి పనిచేసేవాళ్లకు ఈ తిప్పలు అక్కర్లేదు. ట్యాలీ గోల్డ్ (మల్టీయూజర్) లైసెన్స్ ఉంటే ఎవరి సిస్టమ్‌లో వాళ్లు తెరుచుకోవచ్చు. బయటి నుంచి ఐదుగురు రావాల్సిందే అంటే విండోస్ సర్వర్, దాని రిమోట్ లైసెన్సులు కొనండి. ఖర్చే, కానీ వేరే మార్గం లేదు.

3. బ్యాకప్: సర్వర్‌కు అందని చోట

ర్యాన్సమ్‌వేర్ సర్వర్‌లోకి వచ్చాక కనిపించే ప్రతి డ్రైవ్‌నూ లాక్ చేస్తుంది: డి డ్రైవ్, మ్యాప్ చేసిన నెట్‌వర్క్ డ్రైవ్, తగిలించి ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్కు. విండోస్ తనంతట తాను దాచే షాడో కాపీలను ముందే చెరిపేస్తుంది. కాబట్టి ఆ సిస్టమ్ నుంచి చేరుకోగలిగే చోట ఉన్న కాపీని బ్యాకప్‌గా లెక్కపెట్టకండి.

పద్ధతి ఇది. రెండు డిస్కుల మీద మార్కర్‌తో ఏ, బీ అని రాయండి. సోమ, బుధ, శుక్రవారాల్లో ఏ, మంగళ, గురు, శనివారాల్లో బీ. సాయంత్రం తగిలించాలి, బ్యాకప్ తీయాలి, సేఫ్‌గా ఎజెక్ట్ చేసి పీకేయాలి. ఆ రోజు వాడనిది ఆఫీసులో ఉండకూడదు, ఇంటికి వెళ్లాలి. రెండూ ఒకే డ్రాయర్‌లో ఉంటే నిప్పు, నీళ్లు, దొంగ ఒక్క దెబ్బకు రెండూ పోతాయి. రెండు డిస్కులు ఎందుకంటే, బ్యాకప్ తీస్తుండగానే వైరస్ పనిచేయడం మొదలుపెడితే తగిలించి ఉన్నది పోతుంది, రెండోది మిగులుతుంది.

ట్యాలీ డేటాకు: ముందు అన్ని సిస్టమ్స్‌లోనూ ట్యాలీ మూయించండి. సర్వర్‌లో ట్యాలీ ప్రైమ్ తెరిచి ఆల్ట్, వై నొక్కితే డేటా మెనూ వస్తుంది, అందులో బ్యాకప్ ఉంది. గమ్యం డిస్కులో తేదీ పేరుతో కొత్త ఫోల్డర్ ఇవ్వండి. రోజూ అదే ఫోల్డర్ మీద రాస్తే, చెడిపోయిన డేటా నిన్నటి మంచి డేటాను మింగేస్తుంది. ఎవరో ట్యాలీ తెరిచి ఉండగానే డేటా ఫోల్డర్‌ను కాపీ పేస్ట్ చేయడం మరో తప్పు. కాపీ అయినట్టే ఉంటుంది, తిరిగి తెరిచినప్పుడు డేటా ఎర్రర్ వస్తుంది.

మూడో కాపీ క్లౌడ్‌లో ఉంచండి. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ రెండూ సింక్ చేసేవే. ఇక్కడ లాక్ అయిన ఫైలు అక్కడికీ చేరుతుంది. పాత వెర్షన్లు మామూలుగా 30 రోజుల వరకు దొరుకుతాయి కాబట్టి ఉపయోగం ఉంది. కానీ అదొక్కటే ఉంటే చాలదు. నాస్ పెట్టె (నెట్‌వర్క్‌కు తగిలించే స్టోరేజ్) ఉన్నవాళ్లు దానిలో స్నాప్‌షాట్లు (ఎప్పటికప్పుడు దాచే పాత కాపీలు) ఆన్ చేయండి. దాని అడ్మిన్ పాస్‌వర్డ్ ఏ సిస్టమ్‌లోనూ సేవ్ చేయకండి.

మార్చి 31 తర్వాత ఆ ఆర్థిక సంవత్సరపు బ్యాకప్ ఒకటి విడిగా తీసి దాచండి. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి.

బ్యాకప్ నిజంగా పనికొస్తుందా? నెలకోసారి రిస్టోర్ చేసి చూడండి. ఇక్కడ పెద్ద హెచ్చరిక: ట్యాలీలో అసలు డేటా ఉన్న ఫోల్డర్‌లోకే రిస్టోర్ చేస్తే ఈరోజు వరకు ఉన్న డేటా మీద పాతది కూర్చుంటుంది. అందుకని సర్వర్‌లో కాకుండా వేరే సిస్టమ్‌లో, రిస్టోర్ టెస్ట్ అనే కొత్త ఫోల్డర్ చేసి అందులోకే తీయండి. తీశాక కంపెనీ తెరిచి మూడు సరిచూడండి: చివరి సేల్స్ వోచర్ నంబరు, బ్యాంకు లెడ్జర్ క్లోజింగ్ బ్యాలెన్స్, ట్రయల్ బ్యాలెన్స్ మొత్తం. మూడూ బ్యాకప్ తీసిన రోజు అంకెలతో కలిస్తే నోట్‌బుక్‌లో తేదీ రాసి సంతకం చేయండి. ఫైలు సైజు చూసి తృప్తిపడితే చాలదు.

4. షేర్ ఫోల్డర్లు, అడ్మిన్ హక్కులు

సర్వర్‌లో కంప్యూటర్ మేనేజ్‌మెంట్ తెరిచి షేర్డ్ ఫోల్డర్స్, షేర్స్ చూడండి. చివర డాలర్ గుర్తు ఉన్నవి విండోస్ సొంతవి, వాటిని వదిలేయండి. మిగతావాటిలో చాలాచోట్ల కనిపించేది ఇదే: డి డ్రైవ్ మొత్తం షేర్, ఎవ్రీవన్‌కు ఫుల్ కంట్రోల్, పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆఫ్. అంటే కౌంటర్ దగ్గరి సిస్టమ్‌కు వచ్చిన వైరస్ సర్వర్‌కు ఎక్కకుండానే సర్వర్‌లోని ఫైళ్లన్నీ లాక్ చేయగలదు.

మార్చే వరుస ముఖ్యం. ముందు సర్వర్‌లో ఒక్కొక్కరికీ ఒక యూజర్‌ను, పాస్‌వర్డ్‌తో, స్టాండర్డ్ రకంగా చేయండి. వాళ్ల సిస్టమ్స్‌లోనూ అదే పేరు, అదే పాస్‌వర్డ్ ఉంటే ప్రతిసారీ అడగదు. తర్వాత ట్యాలీ డేటా ఫోల్డర్‌ను మాత్రం షేర్ చేసి, ఆ యూజర్లకు షేరింగ్‌లో ఛేంజ్, సెక్యూరిటీ ట్యాబ్‌లో మాడిఫై ఇవ్వండి. ఒక సిస్టమ్ నుంచి తెరిచి, ఒక వోచర్ వేసి తీసేయండి. అది పనిచేశాకే ఎవ్రీవన్‌ను తొలగించి పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆన్ చేయండి. ముందే తొలగిస్తే ఆఫీసంతా ఒకేసారి ఆగిపోతుంది, ఆ కంగారులో ఎవరో ఒకరు మళ్లీ ఎవ్రీవన్ పెట్టేస్తారు.

రోజువారీ లాగిన్‌లు అన్నీ స్టాండర్డ్ చేయండి, ఓనర్‌దీ అంతే. అడ్మిన్ లాగిన్ విడిగా ఒకటి ఉంచి, ఇన్‌స్టాల్ చేసేటప్పుడే వాడండి. అన్ని సిస్టమ్స్‌కూ ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టకండి. ఒకటి దొరికితే అన్నీ దొరికినట్టే. ఏడాదికోసారి వచ్చే హార్డ్‌వేర్ అబ్బాయికి చెప్పిన పాస్‌వర్డ్‌ను అతను వెళ్లాక మార్చండి. ఇందులో అతన్ని అనుమానించడం ఏమీ లేదు, అతని ఫోన్‌లో ఇలాంటి ఆఫీసుల పాస్‌వర్డ్‌లు ముప్పై ఉంటాయి.

విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్ జాబితాలో ఎస్ఎంబీ 1.0 (ఫైళ్లు షేర్ చేసుకునే పాత పద్ధతి) టిక్కు ఉంటే తీసేయండి. 2017 మేలో వానక్రై అనే ర్యాన్సమ్‌వేర్ పాకింది ఈ పాత ఎస్ఎంబీలోని లోపం గుండానే. దానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చింది. వేసుకోని సిస్టమ్స్ దొరికిపోయాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అందులో ఉన్నాయి. టిక్కు తీశాక పాత జిరాక్స్ మెషీన్ నుంచి ఫోల్డర్‌కు స్కాన్ రావడం ఆగిపోవచ్చు. అప్పుడు మళ్లీ టిక్కు పెట్టకండి, స్కాన్‌ను ఈమెయిల్‌కు గానీ పెన్‌డ్రైవ్‌కు గానీ వచ్చేలా మార్చుకోండి.

5. డీవీఆర్, వైఫై వేరు చేయండి

డీవీఆర్‌ను, వచ్చిపోయేవాళ్ల ఫోన్లను ట్యాలీ ఉన్న నెట్‌వర్క్‌లో ఉంచకూడదు. వైఫై వరకైతే గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేస్తే సరిపోతుంది. డీవీఆర్ కేబుల్‌తో ఉంటుంది కనుక దానికి గెస్ట్ పనికిరాదు. వీలాన్ (ఒకే స్విచ్‌లో నెట్‌వర్క్‌లను వేరు చేసే సౌకర్యం) ఉన్న మేనేజ్డ్ స్విచ్ సరైన పరిష్కారం. అది లేకపోతే రెండు రూటర్లతో గడుపుకోవచ్చు: ఫైబర్ డబ్బాకు డీవీఆర్, గెస్ట్ వైఫై. దాని వెనక రెండో రూటర్, దాని వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) పోర్టుకు కేబుల్, ఆ రూటర్‌కే ఆఫీసు సిస్టమ్స్ అన్నీ.

ఇక్కడ జరిగే తప్పులు రెండు. ఒకటి, తిరగేసి పెట్టడం. రెండో రూటర్ వెనకున్నవి మొదటిదాని పరికరాలను చూడగలవు, అటువైపు నుంచి ఇటు చూడలేవు. కాబట్టి కాపాడాల్సింది ఎప్పుడూ రెండోదాని వెనకే ఉండాలి. రెండు, రెండు రూటర్లలోనూ 192.168.1 వరుసే ఉంచడం. లోపలిదాన్ని 192.168.2కు మార్చండి. పరీక్ష సులువు: డీవీఆర్ ఉన్నవైపు ల్యాప్‌టాప్ కలిపి సర్వర్ ఐపీకి పింగ్ (అవతలి సిస్టమ్ పలుకుతుందా అని చూసే కమాండ్) ఇవ్వండి, ఆ షేర్ ఫోల్డర్ తెరవడానికీ ప్రయత్నించండి. రెండూ విఫలం కావాలి.

వైఫై సెక్యూరిటీ రకం డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ లేదా డబ్ల్యూపీఏ3 ఉండాలి. ఎవరైనా ఉద్యోగం మానేసిన రోజే పాస్‌వర్డ్ మార్చండి.

6. అప్‌డేట్లు, యాంటీవైరస్

విండోస్‌తో వచ్చే డిఫెండర్, అప్‌డేట్లు సరిగ్గా వస్తుంటే, ఈ స్థాయి ఆఫీసుకు సరిపోతుంది. విండోస్ సెక్యూరిటీలో ట్యాంపర్ ప్రొటెక్షన్ (డిఫెండర్‌ను ఎవరూ ఆపకుండా చూసేది) ఆన్ చేయండి. ర్యాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ కింద కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఆన్ చేసి, ట్యాలీ డేటా ఫోల్డర్‌ను అందులో చేర్చండి. వెంటనే ట్యాలీ ప్రోగ్రామ్‌ను అనుమతించిన యాప్‌ల జాబితాలో కూడా చేర్చండి, లేకపోతే ట్యాలీ తన సొంత డేటానే రాసుకోలేక ఆగిపోతుంది. డబ్బు పెట్టి కొనాలనుకుంటే అన్ని సిస్టమ్స్‌నూ ఒకే చోట చూపించే బిజినెస్ వెర్షన్ కొనండి. ఒకే సిస్టమ్‌లో రెండు యాంటీవైరస్‌లు మాత్రం వద్దు.

క్రాక్ చేసిన విండోస్, క్రాక్ చేసిన ఆఫీస్ ఉంటే ఈ మెట్టంతా వృథా. "ముందు యాంటీవైరస్ ఆపి, తర్వాత ఇది రన్ చేయండి" అని రాసి ఉన్న ఫైలును అడ్మిన్ హక్కులతో నడిపారంటే లోపల ఏం చేరిందో మీకు తెలిసే దారి లేదు. అలాంటి సిస్టమ్‌ను శుభ్రం చేయాలని చూడకండి. ఫార్మాట్ చేసి అసలు లైసెన్సుతో వేయండి.

7. మెయిల్, వాట్సాప్, డబ్బు

2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 12 కోట్ల రూపాయలకు పైగా దోచేశారు. ఉద్యోగులకు వచ్చిన ఫిషింగ్ (మోసపూరిత) మెయిళ్లతోనే రిమోట్ యాక్సెస్ ట్రోజన్, అంటే దూరం నుంచి సిస్టమ్‌ను నడిపించే దొంగ ప్రోగ్రామ్, లోపలికి చేరిందని పోలీసులు తేల్చారు. బ్యాంకుకే అలా జరిగితే, అకౌంటెంట్ ఒక్కరే మెయిల్స్ అన్నీ తెరిచే ఆఫీసు సంగతి ఆలోచించండి.

చేయాల్సినవి: ప్రతి మెయిల్ అకౌంటుకూ టూ స్టెప్ వెరిఫికేషన్, ఎస్ఎంఎస్ కన్నా ఆథెంటికేటర్ యాప్ మేలు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ కనిపించేలా పెట్టండి. అప్పుడు "ఇన్‌వాయిస్ డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్ఈ" అసలు రూపంలో కనబడుతుంది. జీఎస్టీ నోటీసు అని జిప్ ఫైలు వస్తే తెరవొద్దు, పోర్టల్‌లో లాగిన్ అయి అక్కడ నోటీసు ఉందో లేదో చూడండి. వాట్సాప్‌లో చలానా, పెళ్లి శుభలేఖ, బ్యాంకు రివార్డు పేరుతో వచ్చేది ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్) ఫైలైతే, పంపినవాళ్లు తెలిసినవాళ్లయినా సరే ఇన్‌స్టాల్ చేయకూడదు. వాళ్ల ఫోను అప్పటికే దొంగల చేతిలో ఉండి ఉండవచ్చు.

"మా బ్యాంకు అకౌంటు మారింది, ఈసారి పేమెంట్ ఇందులో వేయండి" అని సప్లయర్ నుంచి మెయిల్ వస్తే, ఆ మెయిల్‌లోని నంబరుకు కాకుండా పాత బిల్లు మీదున్న నంబరుకు ఫోన్ చేసి, గొంతు గుర్తుపట్టి నిర్ధారించుకోండి. ఒక రూపాయి వేసి చూశామనడం చాలదు, ఆ రూపాయి దొంగ అకౌంటుకూ చక్కగా చేరుతుంది.

జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫిల్టర్స్, ఫార్వర్డింగ్ రెండు పేజీలూ నెలకోసారి తెరవండి. మెయిల్‌లోకి దూరినవాడు పాస్‌వర్డ్ మార్చడు, మీకు తెలిసిపోతుంది కాబట్టి. పేమెంట్, ఇన్‌వాయిస్ అన్న మాటలున్న మెయిళ్లు తనకు వెళ్లేలా, మీ ఇన్‌బాక్స్‌లో కనబడకుండా ఉండేలా ఒక ఫిల్టర్ పెట్టి ఊరుకుంటాడు. మీరు పెట్టని ఫిల్టర్ ఒక్కటి ఉన్నా పాస్‌వర్డ్ మార్చి, అన్ని డివైజ్‌ల నుంచీ సైన్ అవుట్ చేయండి.

నెలకోసారి, ఒక గంట

రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ ఖాళీగా ఉందా, యూపీఎన్‌పీ ఆఫ్‌లోనే ఉందా. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ తర్వాత, నెట్ వాళ్లు డబ్బా మార్చాక సెట్టింగులు మొదటికి వచ్చేస్తాయి. సర్వర్‌లో 4625 వరుసలున్నాయా. రిస్టోర్ పరీక్ష అయిందా. మానేసినవాళ్ల యూజర్లు తీసేశారా. ఎవరి సిస్టమ్‌లోనైనా మళ్లీ ఎనీడెస్క్ వచ్చిందా.

అప్పటికే ఫైళ్లు లాక్ అయిపోతే

1. సర్వర్ లాన్ కేబుల్ పీకండి. తర్వాత స్విచ్ పవర్ తీసేయండి, వైఫై ఆపండి. ఫైళ్ల పేర్లు మారుతూ ఇంకా కళ్లముందే లాక్ అవుతుంటే ఆ సిస్టమ్ పవర్ కూడా తీసేయండి. అప్పటికే అంతా లాక్ అయిపోయి ఉంటే ఆన్‌లోనే ఉంచండి, మెమరీలో ఆధారాలు ఉంటాయి.

2. స్క్రీన్ మీది సందేశం, మారిన ఫైళ్ల పేర్లు ఫోన్‌తో ఫొటో తీయండి.

3. బ్యాకప్ డిస్కును ఏ ఆఫీసు సిస్టమ్‌కూ తగిలించకండి. "ఉందో లేదో చూద్దాం" అని తగిలించిన డిస్కు అక్కడికక్కడే పోతుంది.

4. డబ్బు కూడా పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఫిర్యాదు జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇవ్వండి. 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం సంస్థలు ఇలాంటి ఘటనను గుర్తించిన 6 గంటల్లోపు సెర్ట్ ఇన్‌కు (సైబర్ ఘటనలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) తెలపాలి.

5. వేరే శుభ్రమైన ఫోను నుంచి మెయిల్, బ్యాంకు, జీఎస్టీ పోర్టల్, రూటర్ పాస్‌వర్డ్‌లు మార్చండి. సర్వర్ బ్రౌజర్‌లో సేవ్ చేసినవన్నీ వాళ్ల చేతికి వెళ్లాయనే లెక్క.

6. నో మోర్ ర్యాన్సమ్ సైటులో లాక్ అయిన ఒక ఫైలు ఇచ్చి ఏ రకమో చూడండి. యూరోపోల్, డచ్ పోలీసులు, మరికొన్ని కంపెనీలు కలిసి 2016లో పెట్టిన సైటు అది. కొన్ని రకాలకు తాళం ఉచితంగానే దొరుకుతుంది. డబ్బు కడితే ఫైళ్లు వస్తాయన్న హామీ ఏమీ లేదు. "రికవర్ చేసి ఇస్తాం" అనేవాళ్లలో కొందరు మీ వెనక దొంగతోనే బేరం ఆడేవాళ్లుంటారు.

7. సర్వర్‌లోని పాత డిస్కును ఫార్మాట్ చేయకండి. దాన్ని తీసి తేదీ రాసి బీరువాలో పెట్టండి. కొత్త డిస్కులో విండోస్ వేసి, రెండో మెట్టు పూర్తి చేశాకే బ్యాకప్ ఎక్కించండి. ఈరోజు తాళం దొరకని రకానికి ఏడాది రెండేళ్ల తర్వాత దొరికిన సందర్భాలున్నాయి, అప్పుడు ఆ డిస్కే కావాలి.